సంత వైభవం సందర్భంగా సంతకు సెలవు

ఆ ఏడు పైనుంచి ఒక ఉత్తరువు వచ్చింది. రాష్ట్రంలోని ప్రతి పట్టణమూ తన వారసత్వ వైభవం ఏమిటో గుర్తించి, దానికి ఒక రోజు సంబరం జరిపి, ఫోటోలతో సహా నివేదిక పంపాలి. వైభవం లేని పట్టణాలు ఏం చెయ్యాలో అందులో రాయలేదు. అలాంటి పట్టణాలుంటాయని రాసినవాళ్లకి తట్టి ఉండదు.

మాది గెడ్డపేట. నేను ఇక్కడి మునిసిపల్ ఆఫీసులో మేనేజర్ని. పేరు సన్యాసిరావు. మా ఊళ్లో కోట లేదు, శాసనం లేదు, ఏ రాజూ ఇక్కడ గెలవలేదు, కనీసం ఓడిపోనూ లేదు. బస్టాండు వెనక సగం పాతుకుపోయిన రాయి ఒకటుంది. దానిమీద అక్షరాలు కనబడితే శాసనమే దొరికిందని మా ఇంజనీరు గారు కొబ్బరికాయ కొట్టించి, పసుపు నీళ్లతో కడిగించారు. ‘ఇచట నీటి గొట్టము కలదు, తవ్వరాదు’ అని ఉంది. మా ఆఫీసువాళ్లే ఎప్పుడో పాతించారట. దాన్ని ఎవరూ చదవకపోవడం వల్ల ఆ గొట్టం అప్పటికే చాలాసార్లు పగిలింది.

కమిషనర్ చిదానందం గారు అత్యవసర సమావేశం పెట్టారు. ఆయనది మంచి మనసు. కాకపోతే ఏ మాటైనా ఆయన నోట్లోంచి వచ్చేసరికి సంతకం పెట్టి, ముద్ర వేసినట్టు ఉంటుంది.

“సదరు పట్టణం యొక్క ఆత్మ ఎక్కడ నెలకొని ఉన్నదో తక్షణమే గుర్తించవలసిన ఆవశ్యకత ఏర్పడినది” అన్నారు.

అందరూ టీ కప్పుల్లోకి చూశారు. ఆ రోజు గురువారం. మా ఆవిడ వంకాయలు తెమ్మన్న మాట గుర్తొచ్చి నేను లేవబోతూ, “ఇవాళ సంత ఉందండీ” అన్నాను. సెలవు అడుగుదామనే అన్నాను, అంతకుమించి నా మనసులో ఏమీ లేదు.

“సంత!” అన్నారు కమిషనర్ గారు. ఆయన కళ్లు మెరిశాయి. “ఎన్నాళ్లనుంచి జరుగుతున్నదది?”

“మా తాతగారి తాతగారికి ఎద్దును అమ్మి మోసం చేసింది ఇక్కడేనని మా ఇంట్లో చెప్పుకుంటారండీ.”

“ఎప్పుడైనా ఆగినదా?”

“తుఫాన్లకీ, ఎన్నికలకీ కూడా ఆగలేదండీ.”

ఆ మధ్యాహ్నానికల్లా తీర్మానం అయిపోయింది. సంబరం పేరు ‘గెడ్డపేట సంత వైభవం’. జరిగే చోటు సంత మైదానం. జరిగే రోజు గురువారం.

“గురువారం అక్కడ సంత ఉంటుంది కదండీ” అన్నాను.

“సంత ఉండగా సంత వైభవం ఎట్లు జరుపుతామయ్యా?” అన్నారాయన.

ఆ ప్రశ్నని అలాగే సమావేశం పుస్తకంలో రాసుకున్నాను. తర్వాత చాలా ఆలోచించాను, జవాబు ఇప్పటికీ దొరకలేదు. పైగా నేల చదును చెయ్యాలి, తెరలు కట్టాలి, పాతకాలపు వాతావరణం తేవాలి కనక అంతకుముందు రెండు గురువారాలు కూడా సంత ఉండకూడదని తేలింది. మర్నాడు ఆటోకి మైకు కట్టి ఊరంతా చాటించాం. ‘యావన్మంది ప్రజలకు తెలియజేయునది ఏమనగా, తరతరాలుగా ఒక్క వారం కూడా ఆగకుండా జరుగుతున్న మన సంతను గౌరవించుటకై, సదరు సంతను ఆపివేయడమైనది.’ ఆ మాటలు నేనే రాశాను. కమిషనర్ గారు చదివి, భాష బాగా కుదిరిందన్నారు.

*

ఆటో వీధులన్నీ తిరిగి రాకముందే పైడితల్లి మా ఆఫీసుకొచ్చింది. ఆవిడ సంతలో ఎండుచేపలు అమ్ముతుంది. ఆవిడ కంటే ముందు నెత్తళ్ళ వాసన వచ్చింది. గుమాస్తాలు ఒక్కొక్కరే ఏదో పని గుర్తొచ్చి బయటికెళ్లిపోయారు. నేను ఎండుచేపలు తినేవాణ్ణి కనక కూర్చున్నాను.

“ఏటి బాబూ ఇది? సంత లేదంతన్నారు!”

“మూడు వారాలే పైడితల్లీ. సంత గొప్పదనం అందరికీ చూపించాలని.”

“సూపించండి. సంత ఉంటే కదా సూపిత్తారు?”

“అలా కాదు. పెద్ద పెద్దవాళ్లు వస్తారు. నీకు నష్టమైతే…”

“నట్టం సంగతి నాను సూసుకుంతాను. మంగళారం ఆ పక్కూరి సంతకి ఎల్తాను, ఆదోరం ఇంకో ఊరెల్తాను. తిండికి లోటు లేదు. నా సోటు సంగతి సెప్పండి.”

అప్పటికి గానీ నాకు వెలగలేదు. మా సంతలో ఎవరి చోటుకీ గీత లేదు, రాయి లేదు, కాయితం లేదు. ఎవరు ఎక్కడ కూర్చుంటారో అందరికీ తెలుసు, అంతే. ఎవరైనా ఒక వారం రాకపోతే ఆ చోటు ఖాళీగానే ఉంచుతారు. రెండో వారమూ ఉంచుతారు. మూడో వారం కూడా రాకపోతే, అందులో ఎవరు కూర్చుంటే ఆ చోటు వాళ్లదే. పోయిన చోటు కోసం దెబ్బలాడకూడదు. ఇది సంత కట్టుబాటు. పోలీసులు కూడా దీని జోలికి రారు.

“మా యత్త నలబయ్యేళ్లు కూకున్నాది అక్కడ. పోయేముందు నా సెయ్యట్టుకుని, ‘ఒలే, ఇల్లు అమ్ముకున్నా అమ్ముకో, సోటు మాత్రం ఒగ్గీకు’ అన్నాది. ఇల్లు అప్పుడే పోనాది బాబూ. ఆ సోటే ఉన్నాది నాకు.”

మూడో గురువారం నీ చోట్లో నువ్వే కూర్చునేలా చూస్తానని మాటిచ్చాను. మాటివ్వడం నా చేతిలో పనే. మిగతాది కమిషనర్ గారి చేతిలో ఉంది.

*

కమిషనర్ గారి చేతిలో ఉన్నది తర్వాత వారం రుత్విక్ చేతిలోకి వెళ్లింది. సంబరాన్ని తీర్చిదిద్దడానికని రుత్విక్‌ని హైదరాబాదు నుంచి పిలిపించారు. నేత చొక్కా, మెడలో పూసలు, విజిటింగ్ కార్డు మీద ‘అనుభూతి శిల్పి’ అని ఉంది. సంత ఎప్పుడైనా చూశావా బాబూ అని అడిగితే, చాలా పరిశోధన చేశానన్నాడు.

సంతలో కూర్చునేవాళ్లకి ఎంపిక పరీక్ష పెట్టారు. మా సంత వర్తకులు ఎండలో వరస కట్టి నిలబడ్డారు, తమ వేషాలు తామే వెయ్యడానికి. పైడితల్లి వంతు వచ్చింది. చీర మీద మగవాళ్ల ఫుల్‌చేతుల చొక్కా, నెత్తిమీద తువ్వాలు చుట్ట, చేతిలో నీలం ప్లాస్టిక్ పట్టా, మెడలో డబ్బులు తీసుకునే ఫోను.

“ఆ చొక్కా ఏమిటి?” అన్నాడు రుత్విక్.

“ఎండకి బాబూ. ఉప్పు సేతులకి కొడతాది.”

“సంత స్త్రీ అంటే ఇలా ఉండదమ్మా. ముక్కుకి అడ్డబాస, చేతికి దండకడియం, నడుముకి… సార్, ఈవిడ ఆథెంటిక్‌గా లేదు.”

“ఆవిడ ఎండుచేపలమ్మే మనిషే బాబూ” అన్నాను.

“అదే ప్రాబ్లం సార్. అమ్మేవాళ్లకి అమ్మడం మీదే ధ్యాస ఉంటుంది. అనుభూతి పండదు.”

పరీక్షలో వర్తకులంతా తప్పారు. కుండలాయన చేతికి గడియారం ఉండటం వల్ల తప్పాడు. విత్తనాలాయన ఎవరితోనూ మాట్లాడకుండా తూకం వేసుకుంటూ ఉండటం వల్ల తప్పాడు. వాళ్ల పాత్రలు వనితా మండలికీ, నాటక సంఘానికీ పంచారు. ఎండుచేపల పైడితల్లి వేషం వనితా మండలి అధ్యక్షురాలు త్రిపురసుందరి గారికి వచ్చింది. ఆవిడ పరమ శాకాహారి, ఉల్లిపాయ కూడా ముట్టరు. చేపలు అట్టవైతేనే కూర్చుంటానన్నారు. అట్ట చేపలు చేయించాం. వాటికి వెండి రంగు వేసేసరికి చాలా అందంగా వచ్చాయి.

తర్వాత బేరం మీద తర్ఫీదు ఇచ్చారు. కొనేవాడు సగానికి అడగాలి. అమ్మేవాళ్లు బుగ్గన చెయ్యి పెట్టుకోవాలి. కొనేవాడు నాలుగు అడుగులు వెళ్లిపోవాలి. అమ్మేవాళ్లు “రా నాయనా, బోణీ బేరం” అని వెనక్కి పిలవాలి. అక్కడితో చప్పట్లు. సరుకు మాత్రం చేతులు మారకూడదు.

“వారసత్వ పరిధిలో వాణిజ్య కార్యకలాపములు నిషిద్ధం” అని కమిషనర్ గారు స్పష్టం చేశారు.

*

సంబరానికి ముందురోజు రిహార్సల్ చూసి రుత్విక్ ముఖం వేలాడేశాడు.

“చూడ్డానికి బాగుంది సార్. కానీ సంత వాసన లేదు. సంత చప్పుడు లేదు. కళ్లకి తప్ప ముక్కుకీ, చెవికీ అనుభూతి లేదు.”

అత్తరు సీసాలో ఎండుచేపల వాసన పట్టించి తెప్పిద్దామా అని కాసేపు ఆలోచించారు. అలాంటిది ఎక్కడా దొరకలేదు. అప్పుడు నేను ఎంతో వినయంగా, “తెర వెనక నిజం చేపల గంప పెట్టి, ఒక మనిషిని విసనకర్రతో కూర్చోబెడితే…” అన్నాను. పైడితల్లికి ఇచ్చిన మాట కోసమే అలా అన్నాను. చోటు కాకపోయినా, చోటుకి వెనకే ఉంటుంది కదా అనుకున్నాను.

రుత్విక్ నన్ను కౌగిలించుకున్నాడు.

దాంతో ఆలోచన పుంజుకుంది. సానరాయి చప్పుడు కోసం కత్తిపీటలకి పదునుపెట్టే ఆయన్ని తెర వెనక పెట్టారు. కోళ్లు అరవాలంటే కోళ్లు కావాలి, అవి యజమాని లేనిదే అరవవు కనక యజమాని కూడా కావాలి. కొత్తిమీర వాసన, మిరపకాయల ఘాటు, కుండ మీద వేలితో కొట్టే చప్పుడు, మేకలు, మామిడి తాండ్ర మీద ఈగలు. తెల్లారేసరికి తెర ముందు వనితా మండలీ, నాటక సంఘమూ వైభవంగా కూర్చున్నారు. తెర వెనక మా సంత మొత్తం వాసనలూ, చప్పుళ్లూ సరఫరా చెయ్యడానికి దిగింది.

జనం వచ్చారు. రెండు వారాలుగా కూరలు లేక అల్లాడుతున్నవాళ్లు సంచులతో సహా వచ్చారు. ముందు అట్ట చేపల్ని చూశారు, మైనపు వంకాయల్ని నొక్కారు. తర్వాత ముక్కులెగరేసి, వాసన ఎటునుంచి వస్తోందో అటు నడిచారు. కొంతసేపటికి తెర ముందు త్రిపురసుందరి గారి బృందమూ, బేరానికి నియమించిన నటులూ మాత్రమే మిగిలారు. వెనక ఇసకవేస్తే రాలడం లేదు. మా ఆవిడ ఒక చేత్తో వంకాయలు, ఇంకో చేత్తో ఎండు రొయ్యల పొట్లం పట్టుకుని వస్తూ, “మీ వైభవం చాలా బాగుందండీ” అంది. పెళ్లయ్యాక నా ఉద్యోగం గురించి ఆవిడ అన్న మొదటి మంచి మాట అది.

అంతా బాగానే ఉంది గానీ, పైడితల్లి ముఖంలో కళ లేదు. గంప ఖాళీ అవుతున్నా ఆవిడ కళ్లు తెర సందులోంచి ముందుకే చూస్తున్నాయి. మూడో గురువారం, ఆవిడ అత్త కూర్చున్న చోట్లో ఇంకొకరు కూర్చుని ఉన్నారు. వేషానికే కూర్చున్నా, కూర్చున్నది నిజమే. సాయంత్రం పొద్దు వాలిందంటే ఆ చోటు పోయినట్టే. నేనిచ్చిన మాట కూడా దాంతోపాటే పోతుంది. సిగ్గుతో నేను ఆవిడ వైపు వెళ్లలేకపోయాను.

అప్పుడు ఆవిడే విసనకర్ర కింద పడేసి, తెర పైకెత్తి, ముందుకొచ్చి త్రిపురసుందరి గారికి రెండు చేతులెత్తి దండం పెట్టింది.

“అమ్మగోరూ, ఈయాల్టి నుంచి ఈ సోటు తవరిదే.”

“నాకెందుకే ఈ చోటు?”

“నాకేటి తెలుసు? రెండు వారాలు కాళీగున్నాది. మూడో వారం ఎవులు కూకుంతే ఆలదే. తవరు కూకున్నారు. సంత కట్టుబాటు తల్లీ, కాదనడానికి నానెవుల్ని.”

“నేను నాటకానికి కూర్చున్నానే!”

“నాటకమని సంతకి తెలీదు కదమ్మా. మరింక పై గురువారం నుంచి పెందలాడే వచ్చీయండి. అట్ట సేపలు కాదు, నిజం సేపలు తేవాల. మీరు బద్దకించి రాలేదనుకోండి, సంతోళ్లు ఊరుకోరు. నెత్తళ్ళ గంప అట్టుకొచ్చి మీ వాకిట్లో దింపేత్తారు.”

“మా వాకిట్లోనా?”

“తులసికోట కాడ దింపుతారమ్మా. ఉప్పు కదా, నీడ గావాల.”

గంప వాకిట్లో దింపే కట్టుబాటు గురించి నేనెప్పుడూ వినలేదు. అయినా ఆ సమయంలో చరిత్రలో తప్పులు వెతకడం నా పని కాదనిపించి, “అవునమ్మా, చాలా పాత కట్టుబాటు” అన్నాను.

త్రిపురసుందరి గారి ముఖం పాలిపోయింది. “వద్దు తల్లీ వద్దు. దీన్ని వదిలించుకునే మార్గం చెప్పు.”

“ఏటున్నాది. ఎవులి సోటో ఆళ్లని సెయ్యట్టి కూకోబెట్టి, బోణీ సేసి ఎల్లిపోతే సరి.”

ఆవిడ లేచారు. దండకడియం, అడ్డబాస కదిలిపోతున్నా లెక్కచెయ్యకుండా పైడితల్లి చెయ్యి పట్టుకుని లాగి, ఆ చోట్లో కూర్చోబెట్టారు. అట్ట చేపల్ని పక్కకి తోసేశారు. ముక్కుకి పమిట అడ్డం పెట్టుకుని, నోటు ఒకటి అందించి, బోణీ పొట్లాన్ని రెండు వేళ్లతో పట్టుకుని ఎవరికివ్వాలా అని చుట్టూ చూశారు. సరిగ్గా అప్పుడే రాజధాని నుంచి వారసత్వ శాఖ డైరెక్టర్ మేడమ్ వచ్చి ఎదురుగా నిలబడి ఉన్నారు. పొట్లం మేడమ్ చేతిలో పడింది.

రుత్విక్ పూసలు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాడు.

“ఏమిటిది? కార్యక్రమ వివరాల్లో లేదే?” అన్నారు మేడమ్.

కమిషనర్ గారు చొక్కా సర్దుకుని ముందుకొచ్చారు. “మేడమ్, ఇది… సంప్రదాయ స్థల ప్రదాన క్రతువు. తాత్కాలిక ఆక్రమణదారు, అసలు హక్కుదారును సగౌరవంగా పునఃప్రతిష్ఠించి, తొలి విక్రయఫలమును అతిథికి సమర్పించుట ఇందలి అంతరార్థం.”

“అద్భుతం! ఇంత లోతైనది నేనెక్కడా చూడలేదు. మిగతా చోట్లకి కూడా చేస్తారా?”

“తప్పక చేస్తారు మేడమ్” అని ఆయన నా వైపు చూశారు.

నేను పరుగెత్తాను. నాటక సంఘం కార్యదర్శి కుండలాయన్ని కూర్చోబెట్టాడు. విత్తనాలాయన వేషంలో ఉన్న తపాలా ఆఫీసు ఆయన భార్య విత్తనాలాయన్ని కూర్చోబెట్టింది. మేడమ్‌తో వచ్చిన ఫోటోగ్రాఫరు సరిగ్గా పడలేదంటే కొందరు మళ్లీ లేచి మళ్లీ కూర్చున్నారు. వెనకున్న జనం ముందుకి రావడానికి తెర అడ్డమైంది. దాన్ని ఎవరు లాగారో నేను చూడలేదు. అటు చూడాల్సి వస్తుందేమోనని ఇటు తిరిగి టమాటాలు బేరం చేశాను. కాసేపటికి మైదానంలో తెర లేదు, వెనకా ముందూ లేవు. గురువారం, సంత, అంతే.

పైడితల్లి తన చోట్లో మఠం వేసుకుని కూర్చుంది. చొక్కా చేతులు పైకి మడుచుకుంది. నన్ను చూసి నవ్వింది. నాకు కళ్లు చెమర్చాయి. ఎండు మిరపకాయలు పక్కనే ఉన్నాయి కనక ఎవరూ అనుమానించలేదు.

*

నెల తిరక్కుండా గెడ్డపేటకి రాష్ట్ర స్థాయి బహుమతి వచ్చింది. ‘నిలిచిపోయిన సంప్రదాయ సంతను పునరుద్ధరించిన ఉత్తమ పట్టణం’ అని ప్రశంసాపత్రంలో రాశారు. కమిషనర్ గారు శాలువా కప్పించుకుని వచ్చి, ఈ కృషి సమష్టిది అన్నారు. ఆ గురువారం సంతకెళ్లి ఈ సంగతి పైడితల్లికి చెప్పాను.

ఆవిడ తూకం వేస్తూ ఆగింది. “మరి ఆపినదెవులు బాబూ?”

“మేమే.”

“మల్లీ పెట్టినందుకు శాలువా ఎవులికి?”

“మాకే.”

ఆవిడ రొయ్యలు పొట్లం కట్టి ఇచ్చింది. నేనే ఊరుకోలేక, మొన్న పక్క పట్టణం కమిషనర్ గారు ఫోన్ చేసిన సంగతి కూడా చెప్పాను. వాళ్ల మంగళవారం సంత చక్కగా నడుస్తోందట. అలా నడుస్తూ ఉంటే దాన్ని పునరుద్ధరించడం ఎలాగో దారి చూపించమని అడిగారట మా కమిషనర్ గార్ని. వచ్చే నెలలోనే ఆపేద్దామని అనుకున్నారట.

పైడితల్లి తక్కెడ కింద పెట్టేసింది.

“అక్కడా నాకో సోటున్నాది బాబూ.”

ఆవిడ పట్టా దులిపి, మిగిలిన సరుకు గంపలోకి ఎత్తింది. నెత్తిమీద తువ్వాలు చుట్ట సర్దుకుంది.

“ఆ బాబుగోరికి సెప్పండి. నాను ఎల్లి అక్కడ కూకుంతాను. సంత ఉన్నా కూకుంతాను, లేకపోయినా కూకుంతాను. నన్ను లేపడం ఆళ్ల తరం కాదు.”

ఆఫీసుకెళ్లి ఆ పక్క పట్టణం కమిషనర్ గారికి ఫోన్ చేసి ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన చాలా సంతోషించారు. ప్రదర్శనలో కూర్చోవడానికి అప్పుడే ఒక మనిషి దొరికిందన్నారు. కాకపోతే, ముందుగా ఒకసారి ఎంపిక పరీక్షకి హాజరు కావాలన్నారు.